వాతావరణ విధానాలు, ఆర్థికాభివృద్ధి: తరచుగా అడిగే ప్రశ్నలు

వాతావరణ మార్పు మాట ఎత్తగానే డబ్బు మాట వస్తుంది. రావాలి కూడా. ఈ పేజీలో ఉన్నవి అలా వచ్చే ప్రశ్నలే. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు సరిపోతుంది, కొన్నిటికి కాస్త ఓపిక కావాలి.

ఉద్గారాలు తగ్గించుకుంటూ ఆదాయం పెంచుకోవడం నిజంగా ఎక్కడైనా జరిగిందా?

జరిగింది. బ్రిటన్‌లో 1990 నుంచి 2022 మధ్య హరితగృహ వాయువుల (భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల) ఉద్గారాలు సగానికి తగ్గాయి. అదే కాలంలో ఆర్థిక వ్యవస్థ దాదాపు 80 శాతం పెరిగింది. 1882లోనే లండన్‌లో బొగ్గుతో కరెంటు తయారుచేసి అమ్మిన దేశం అది. 2012లో కూడా అక్కడి కరెంటులో 40 శాతం దాకా బొగ్గుదే. 2024 సెప్టెంబర్ 30న రాట్‌క్లిఫ్ అనే చివరి బొగ్గు కేంద్రం మూతపడింది. అంటే పన్నెండేళ్లలో 40 నుంచి సున్నాకి వచ్చారు. దీనికోసం ఎవరూ చీకట్లో కూర్చోలేదు.

స్వీడన్ ఇంకా ముందే మొదలుపెట్టింది. 1991లో కార్బన్ పన్ను, అంటే ఇంధనం కాలిస్తే వెలువడే కార్బన్‌ను బట్టి పన్ను, వేసింది. 1990తో పోలిస్తే అక్కడి ఉద్గారాలు మూడో వంతుకు పైగా తగ్గాయి, జీడీపీ 70 శాతానికి పైగా పెరిగింది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. బ్రిటన్ తగ్గుదలలో కొంత భాగం బొగ్గు పోయి గ్యాస్ రావడం వల్ల వచ్చింది. అది ఒక్కసారే వాడుకోగల ఉపాయం. ప్రపంచం మొత్తం తీసుకుంటే ఇంధనాల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్ 2024లో కూడా పెరిగి, దాదాపు 3,780 కోట్ల టన్నులతో కొత్త రికార్డుకు చేరింది. కాబట్టి "సాధ్యమే" అనడానికి రుజువులు ఉన్నాయి, "దానంతట అదే జరిగిపోతుంది" అనడానికి లేవు.

వాళ్ళు ఫ్యాక్టరీలన్నీ వేరే దేశాలకు పంపేసి లెక్కలు అందంగా చూపిస్తున్నారు కదా?

సగం నిజం. ఉక్కు, సిమెంటు, బట్టలు, ఫోన్లు బయట తయారై దిగుమతి అయితే పొగ అక్కడి ఖాతాలో పడుతుంది, వస్తువు ఇక్కడి ఇంట్లో ఉంటుంది. అందుకే నిపుణులు రెండో లెక్క కూడా వేస్తారు: ఒక దేశం వాడుకున్న వస్తువులన్నిటి వెనుక ఉన్న ఉద్గారాలు, అవి ఎక్కడ వెలువడినా సరే. ఆ లెక్కలో కూడా బ్రిటన్, స్వీడన్ ఉద్గారాలు తగ్గాయి. కానీ సొంత గడ్డ లెక్కలో కనిపించినంతగా తగ్గలేదు. ఎవరైనా ఒక్క అంకె చూపించి చప్పట్లు కొట్టించుకుంటుంటే, అది ఏ లెక్కో అడగండి.

సరే, ఉద్గారాలు తగ్గిస్తే డబ్బు ఎక్కడి నుంచి మిగులుతుంది?

నా దృష్టిలో ఈ పేజీలో అసలు ప్రశ్న ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

బొగ్గు, పెట్రోలు, గ్యాస్ రోజువారీ ఖర్చు. ఇవాళ కాల్చింది రేపటికి ఉండదు, రేపు మళ్ళీ కొనాలి. సోలార్ ప్యానెల్, గాలిమర, ఇంట్లోని వేడినో చల్లదనాన్నో బయటికి పోనివ్వని మంచి ఇన్సులేషన్, బ్యాటరీ మొదట్లోనే పెట్టేసే ఖర్చు. ఒకసారి పెడితే ఇరవై ఏళ్ళు, కొన్నిసార్లు ముప్ఫై ఏళ్ళు పనిచేస్తాయి. వాతావరణ విధానం అనేదాంట్లో ఎక్కువ భాగం ఈ మార్పే. అద్దె ఇంటి నుంచి సొంత ఇంటికి మారడం లాంటిది. ఇంధనం దిగుమతి చేసుకునే దేశానికైతే ఆ అద్దె విదేశీ కరెన్సీలో కట్టాలి, అద్దె ఎంతో ఇంకెవరో నిర్ణయిస్తారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక యూరప్ గ్యాస్ బిల్లులకు ఏమైందో అందరూ చూశారు.

కానీ సొంత ఇంటికి లోను కావాలి. లోను అనగానే వడ్డీ. లెక్క వేసి చూద్దాం. వంద పెట్టుబడి పెట్టాల్సిన సౌర విద్యుత్ ప్రాజెక్టు ఉంది. మొత్తం అప్పే, ఇరవై ఏళ్ళు సమాన వాయిదాలు. వడ్డీ 5 శాతమైతే ఏటా 8 కట్టాలి. 12 శాతమైతే ఏటా 13.4. ప్యానెల్ అదే, ఎండ అదే, కరెంటు అంతే. కానీ ఆ కరెంటు 67 శాతం ఎక్కువ ఖరీదు. గ్యాస్ ప్లాంటుకు ఇంత దెబ్బ తగలదు, ఎందుకంటే దాని ఖర్చులో పెద్ద వాటా ఇంధనానిది, అది నెలనెలా కట్టుకునేది.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. ఎండ బాగా కాసే పేద దేశంలో కంటే మబ్బులు పట్టే ధనిక దేశంలో సోలార్ చవకగా పడొచ్చు. అక్కడ వడ్డీ తక్కువ, ప్రభుత్వం మాట మీద నిలబడుతుందన్న నమ్మకం ఎక్కువ. పర్యావరణ శాఖ చేసే పనికి ఎంత విలువ ఉందో, అప్పు రిస్కు తగ్గించడానికి ఆర్థిక శాఖ చేసే పనికి అంతకంటే ఎక్కువ విలువ ఉందని నేను అనుకోవడానికి కారణం ఇదే.

పొదుపు, పొదుపు అంటారు. నిజంగా అంత వృథా ఉందా?

సెలవు రోజున ఏదైనా ఫ్యాక్టరీలోకి వెళ్ళి నిలబడండి. మెషీన్లన్నీ ఆగి ఉంటాయి. మనుషులు ఉండరు. మెషీన్లకు ఒత్తిడితో గాలి పంపే ఎయిర్ కంప్రెసర్ మాత్రం ఆన్‌లో వదిలేసి ఉంటుంది. కాసేపు చెవి పెడితే ఎక్కడో "స్స్" అని వినిపిస్తుంది. ఒక కప్లింగ్ దగ్గర, అరిగిపోయిన హోస్ దగ్గర, సరిగ్గా మూసుకోని వాల్వు దగ్గర గాలి కారుతూ ఉంటుంది. కొన్ని నిమిషాలకు ప్రెషర్ పడిపోతుంది, కంప్రెసర్ దడదడమని మళ్ళీ లోడ్ తీసుకుంటుంది. ఎవరూ వాడని గాలి కోసం కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది. నిర్వహణ సరిగా లేని చోట కంప్రెసర్ తయారుచేసే గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోవడం మామూలు విషయం. సబ్బు నీళ్ళు పూసి బుడగ వచ్చిన చోట బిగిస్తే చాలు. దానికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

మరి ఎందుకు చేయరు? కరెంటు బిల్లు కట్టేది అకౌంట్స్ విభాగం, లీకు ఆపాల్సింది మెయింటెనెన్స్ విభాగం. ప్రొడక్షన్ ఆగనంత వరకు ఎవరికీ టెన్షన్ లేదు. అద్దె ఇళ్ళలోనూ ఇదే కథ. కిటికీలు మంచివి పెట్టాల్సింది యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్ళు. లాభం ఉన్నా పని జరగని ఇలాంటి చోట్లే ప్రభుత్వం నిబంధన పెడితే ఉపయోగం. ఫ్రిజ్‌లకు, ఏసీలకు, మోటార్లకు కనీస సామర్థ్య ప్రమాణాలు పెట్టడం అందుకే.

ఒక్కోసారి నిబంధన కూడా అక్కర్లేదు, టోకున కొంటే చాలు. భారతదేశంలో 2015లో మొదలైన ఉజాలా పథకం కింద ప్రభుత్వ సంస్థ ఒకటి భారీ టెండర్లు పిలిచి ఎల్ఈడీ బల్బులు కొన్నది, 36 కోట్లకు పైగా పంచింది. అంత పెద్ద ఆర్డరు చూశాక తయారీదారులు ధర తగ్గించారు, మామూలు మార్కెట్‌లో కూడా ధర పడిపోయింది.

పొదుపు చేసిన డబ్బుతో ఇంకా ఎక్కువ వాడేస్తారు కదా?

కొంత వాడతారు. ఆవిరి యంత్రాలు మెరుగుపడిన కొద్దీ బొగ్గు వాడకం తగ్గకుండా పెరిగిందని ఇంగ్లండ్‌లో జెవాన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే రాశాడు. చవకైతే ఎక్కువ వాడటం మనిషి నైజం. ఏసీ బిల్లు తగ్గితే ఇంకో గంట వేసుకుంటాం. అయితే మిగిలినదంతా అలా పోదు. పైగా అంతకు ముందు చీకట్లో ఉన్నవాడు రెండో బల్బు వేసుకుంటే దాన్ని నష్టం కింద రాయడం నాకు నచ్చదు.

సోలార్ ఇంత చవకయింది మార్కెట్ వల్లా, ప్రభుత్వాల వల్లా?

ఇద్దరి వల్లా. వరుస క్రమం చూస్తే ముందు ప్రభుత్వాలే.

జర్మనీ 2000లో ఒక చట్టం చేసింది. ఎవరైనా సరే సోలార్ కరెంటు గ్రిడ్‌కు ఇస్తే ఇరవై ఏళ్ళ పాటు ఖాయమైన ధర ఇస్తామంది. మొదట్లో ఆ ధర యూనిట్‌కు దాదాపు 50 యూరో సెంట్లు. అప్పటి మామూలు కరెంటుతో పోలిస్తే అది పిచ్చి ధరే. ఆ అదనపు భారం జర్మన్ కుటుంబాల బిల్లుల్లో సర్‌చార్జీగా పడింది. 2022 జులైలో దాన్ని ఎత్తేసేదాకా వాళ్ళు కడుతూనే ఉన్నారు. ఆ గిరాకీని చూసి ఫ్యాక్టరీలు పుట్టాయి. తర్వాత చైనా రంగంలోకి దిగి అప్పు, స్థలం, సప్లయ్ చెయిన్ అన్నీ ఒకచోట చేర్చి పరిమాణం పెంచింది. ఇవాళ ప్యానెల్ తయారీలోని ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతానికి పైనే.

ప్యానెళ్ళ మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం తగ్గుతూ వచ్చింది. 2010 తర్వాత పదమూడేళ్ళలో పెద్ద సోలార్ ప్లాంట్ల కరెంటు ఖర్చు దాదాపు 90 శాతం పడిపోయింది. బ్యాటరీలదీ అదే దారి. బొగ్గుకు ఇలాంటి గ్రాఫు లేదు. తవ్వేకొద్దీ లోతు పెరుగుతుందే తప్ప చవక పెరగదు.

ఇందులో చేదు కూడా ఉంది. నేర్చుకునే ఖర్చు కట్టింది జర్మన్ వినియోగదారు. ఫ్యాక్టరీలు మాత్రం చైనాకు దక్కాయి, జర్మన్ ప్యానెల్ కంపెనీలు చాలావరకు దివాలా తీశాయి. లాభం ప్రపంచం మొత్తం పంచుకుంది. వాతావరణానికి మేలు జరిగిన చోటే స్థానిక ఉద్యోగం కూడా పుడుతుందన్న హామీ లేదు. ఆ రెండిటినీ ఒకే ప్రసంగంలో కలిపి చెప్పే నాయకుల మాటను కొంచెం తగ్గించి వినాలి.

టెక్నాలజీ ఎలాగూ చవకవుతోంది కదా, ఇంకో పదేళ్ళు ఆగితే నష్టమేంటి?

ఎవరూ కొనకపోతే చవకవదు, పై జవాబు సారం అదే. ఇంకో కారణం కూడా ఉంది. ఇవాళ కట్టిన బొగ్గు ప్లాంటు నలభై ఏళ్ళు నడవాలన్న లెక్కతో కడతారు. పదేళ్ళకే మూసేయాల్సి వస్తే మిగతా అప్పు ఎవరు తీరుస్తారు? ఆ గుదిబండ చివరికి బ్యాంకుల మెడకో, కరెంటు వినియోగదారుల మెడకో చుట్టుకుంటుంది. పాత ప్లాంటును తొందరపడి మూయడం కంటే, కొత్తది కట్టకుండా ఉండటం చాలా చవకైన పని.

కార్బన్ పన్ను అంటే ధరల పెంపుకు ఇంకో పేరే కదా?

పన్ను వేస్తే ధర పెరుగుతుంది. పెరగాలనే వేస్తారు. ఇందులో దాచడానికేమీ లేదు. దాచిన చోటే గొడవలు వచ్చాయి. అసలు విషయం వచ్చిన డబ్బు ఎటు పోతుందన్నదే.

స్వీడన్ 1991లో కార్బన్ పన్నుతో పాటే ఆదాయపు పన్ను తగ్గించింది. ఒకే సంస్కరణలో ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చింది. మొదట టన్నుకు 250 క్రోనర్లు పెట్టి, మూడు దశాబ్దాల్లో 1,200 దాటించింది. పోటీ దెబ్బతింటుందని పరిశ్రమలకు చాలాకాలం తక్కువ రేటు ఇచ్చి, 2018 నాటికి ఆ తేడా తీసేసింది. ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. జనానికి వేరే దారి ఉంది. పట్టణాల్లో ఇళ్ళను వేడి చేసే ఉమ్మడి వ్యవస్థలు ఉండేవి, అవి చమురు వదిలి అడవి కలప వ్యర్థాలకు మారాయి. ధర పెరిగినప్పుడు మారడానికి దారి ఉంటే అది సంకేతం అవుతుంది. దారి లేకపోతే అది ఉత్త శిక్ష.

ఫ్రాన్స్‌లో 2018లో జరిగింది రెండోది. పట్టణాలకు దూరంగా ఉండి, కారు తప్ప గతి లేనివాళ్ళ మీద డీజిల్ పన్ను పెంచుతూ పోయారు. అదే ఏడాది సంపన్నుల ఆస్తి పన్నును కుదించారు. పచ్చదనం పేరుతో మా జేబు కొట్టి వాళ్ళ జేబు నింపుతున్నారని జనానికి అనిపించింది. అలా అనిపించడం తప్పని నేను అనలేను. నవంబర్‌లో పసుపు జాకెట్లు వేసుకుని రోడ్లెక్కారు, డిసెంబర్‌లో ప్రభుత్వం పెంపును వెనక్కి తీసుకుంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కథ మధ్యస్థంగా ఉంటుంది. 2008లో టన్నుకు 10 డాలర్లతో మొదలుపెట్టి, వచ్చిందంతా ఇతర పన్నుల తగ్గింపుగా తిరిగి ఇచ్చింది. ఆర్థిక వ్యవస్థకు చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు, పన్ను లేకపోతే ఉండే స్థాయి కంటే ఉద్గారాలు తగ్గాయి. అయినా రాజకీయంగా నిలబడలేదు. కెనడా ప్రభుత్వం, ఆ రాష్ట్రం రెండూ 2025 ఏప్రిల్‌లో వినియోగదారుల మీద కార్బన్ పన్ను ఎత్తేశాయి. బంకులో పెరిగిన ధర కళ్ళకు కనిపిస్తుంది, వెనక్కి వచ్చిన డబ్బు కనిపించదు. ఆస్ట్రేలియాలో అయితే 2012లో పెట్టిన కార్బన్ ధర రెండేళ్ళకే, 2014లో, కొత్త ప్రభుత్వం రాగానే పోయింది.

ఆర్థికవేత్తలు కాగితం మీద దీన్ని మించిన సాధనం లేదంటారు. కాగితం మీద నిజమే. ఓటు వేసేవాడికి మాత్రం తిరిగొచ్చే డబ్బు ముందు కనిపించాలి, ధర తర్వాత పెరగాలి.

అలా ముందు డబ్బిచ్చి తర్వాత ధర పెంచిన వాళ్ళు ఉన్నారా?

ఇరాన్. 2010 డిసెంబర్‌లో ఇంధన సబ్సిడీలను భారీగా కోసేముందే కుటుంబాల బ్యాంకు ఖాతాల్లో డబ్బు వేసింది. ధరలు పెంచిన రోజున ఆ డబ్బు తీసుకోవచ్చంది. అంత పెద్ద పెంపుకు కూడా పెద్దగా అల్లర్లు జరగలేదు. తర్వాత ఏళ్ళలో ద్రవ్యోల్బణం ఆ నగదు విలువను తినేసిందన్నది వేరే సంగతి.

ఇండోనేషియా ఇంకో దారి ఎంచుకుంది. 2014 చివర్లో చమురు ధర పడిపోతున్న సమయం చూసి సబ్సిడీ కోసింది, 2015 మొదట్లో పెట్రోలు మీద దాదాపు తీసేసింది. మార్కెట్ ధర తగ్గుతున్నప్పుడు సబ్సిడీ తీస్తే నొప్పి తెలియదు. ఆ మిగులు రోడ్లకు, ఓడరేవులకు, సంక్షేమ పథకాలకు మళ్ళింది.

ప్రపంచవ్యాప్తంగా శిలాజ ఇంధనాలకు నేరుగా ఇచ్చిన సబ్సిడీలు 2022లో 1.3 లక్షల కోట్ల డాలర్లని ఐఎంఎఫ్ లెక్క. ఇందులో పెద్ద వాటా పేదలకు చేరదు. పెద్ద ట్యాంకు ఉన్నవాడికి పెద్ద సబ్సిడీ, సైకిల్ ఉన్నవాడికి సున్నా.

ఉద్యోగాలు పోతాయా, వస్తాయా?

రెండూ. 2023 నాటికి పునరుత్పాదక ఇంధన రంగంలో ప్రపంచవ్యాప్తంగా 1.62 కోట్ల ఉద్యోగాలున్నాయి, అందులో సగానికి కాస్త తక్కువ చైనాలోనే. కానీ మొత్తాల వల్ల గని కార్మికుడికి ఊరట ఉండదు. పోయేది ఈ ఊళ్ళో, ఈ ఏడాది, యాభై ఏళ్ళ వయసులో. వచ్చేది వేరే చోట, మూడేళ్ళ తర్వాత, ఇరవై ఐదేళ్ళ కుర్రాడికి.

జర్మనీలోని రూర్ ప్రాంతంలో 1950ల్లో లక్షల మంది బొగ్గు గనుల్లో పనిచేసేవారు. గనుల్ని దశాబ్దాల పాటు నెమ్మదిగా కుదించి, 2018 డిసెంబర్‌లో చివరిది మూశారు. ముందస్తు పదవీ విరమణలు, కొత్త పనుల్లో శిక్షణ, కొత్త విశ్వవిద్యాలయాలు. ఖర్చు తడిసి మోపెడయింది, అయినా కొన్ని పట్టణాలు ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. స్పెయిన్ 2018లో కార్మిక సంఘాలతో కూర్చుని గనుల మూసివేతకు 25 కోట్ల యూరోల ఒప్పందం చేసుకుంది. మూసే తేదీకి ముందే సంతకాలు జరగడం అందులో నాకు నచ్చిన విషయం.

పేద దేశాలు ముందు ఎదిగి, తర్వాత పర్యావరణం గురించి ఆలోచిస్తే తప్పా?

ఇందులో న్యాయం ఉంది. గాల్లో ఇప్పటికే పేరుకుపోయిన కార్బన్‌లో ఎక్కువ భాగం వాళ్ళది కాదు. ఆ చరిత్రను పక్కన పెట్టి పాఠాలు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఇవాళ చాలా దేశాలు పర్యావరణం కోసం కాకుండా సొంత లాభం కోసమే మారుతున్నాయి. ఇథియోపియా 2024లో పెట్రోలు, డీజిల్ కార్ల దిగుమతిని నిషేధించింది. ఆ దేశానికి చమురు లేదు, డాలర్లు లేవు, జలవిద్యుత్ మాత్రం ఉంది. పాకిస్తాన్‌లో కరెంటు ధరలు భరించలేక జనమే ప్యానెళ్ళు కొనుక్కున్నారు. 2024 ఒక్క ఏడాదిలో సుమారు 17 గిగావాట్ల ప్యానెళ్ళు దిగుమతయ్యాయి. కెన్యా కరెంటులో 90 శాతం దాకా పునరుత్పాదక వనరులదే, అందులో భూగర్భ వేడి నుంచి వచ్చేదే దాదాపు సగం. కోస్టారికా ఇంధన పన్నులో కొంత తీసి, 1997 నుంచి అడవిని కాపాడే భూయజమానులకు చెల్లిస్తోంది. ఒకప్పుడు నరికివేతతో బోసిపోయిన దేశంలో ఇప్పుడు సగానికి పైగా భూమి మీద చెట్లున్నాయి. ఆ అడవులు చూడటానికి వచ్చే పర్యాటకుల వల్లే దానికి పెద్ద ఆదాయం.

అడ్డం పడేది మళ్ళీ పెట్టుబడే. 2024లో స్వచ్ఛ ఇంధనంలో ప్రపంచం పెట్టిన దాదాపు 2 లక్షల కోట్ల డాలర్లలో, చైనాను మినహాయిస్తే వర్ధమాన దేశాలన్నిటికీ కలిపి వెళ్ళింది సుమారు 15 శాతమే. పైన వడ్డీ లెక్క గుర్తుందిగా.

కార్బన్ సరిహద్దు పన్ను అంటున్నారు, అదేంటి?

యూరోపియన్ యూనియన్‌లో ఫ్యాక్టరీలు, విద్యుత్ కేంద్రాలకు 2005 నుంచి ఉద్గారాల అనుమతులు ఉండాలి, చాలనివి కొనుక్కోవాలి. బయటి వాళ్ళకు ఆ ఖర్చు లేదు కాబట్టి, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దిగుమతుల మీద కూడా సమానంగా వసూలు చేస్తామంటున్నారు. 2023 అక్టోబర్‌లో లెక్కలు చూపించే దశ మొదలైంది, 2026 నుంచి అసలు దశ. ఎగుమతి చేసే దేశం సొంతంగా కార్బన్ ధర వసూలు చేస్తే అంత మేర మినహాయింపు ఉంటుంది. ఆ డబ్బు యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌కు పోవడం కంటే సొంత ఖజానాలో ఉండటం మేలని చాలా దేశాలకు తట్టింది. దీన్ని రక్షణవాదం (సొంత పరిశ్రమల కోసం దిగుమతులకు అడ్డం పెట్టడం) అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వాదన కొట్టిపారేయదగ్గది కాదు, చిన్న ఎగుమతిదారుకి ఆ లెక్కల కాగితాలే పెద్ద భారం.

తుఫాన్ల నుంచి, ఎండల నుంచి కాపాడుకోవడం ఖర్చే కదా, అందులో ఎదుగుదల ఏముంది?

1970లో భోలా తుఫాను ఇప్పటి బంగ్లాదేశ్‌లో మూడు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. 2020లో అంఫన్ వచ్చినప్పుడు ఆ దేశంలో చనిపోయినవారు పదుల్లోనే. మధ్యలో జరిగిందల్లా కాంక్రీటు స్తంభాల మీద తుఫాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, సైకిళ్ళ మీద మెగాఫోన్లు పట్టుకుని ఊరూరా తిరిగే వాలంటీర్లు. ఆ షెల్టర్లలో చాలావరకు మిగతా రోజుల్లో బడులే. బతికిన మనిషి మర్నాడు పనికి వెళ్తాడు, దాన్ని జీడీపీలో ప్రత్యేకంగా ఎవరూ చూపించరు.

ఎండ సంగతీ అంతే. వేడి వల్ల 2030 నాటికి ప్రపంచంలోని మొత్తం పనిగంటల్లో 2.2 శాతం పోవచ్చని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. అది 8 కోట్ల పూర్తికాల ఉద్యోగాలతో సమానం.

ఆరోగ్యం కూడా ఈ లెక్కలోకి వస్తుందా?

రావాలి. గాలి కాలుష్యం వల్ల ఏటా సుమారు 70 లక్షల మంది ముందుగానే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కార్బన్ తగ్గిస్తే వచ్చే మేలు ప్రపంచమంతా పంచుకోవాలి, దశాబ్దాలు ఆగాలి. అవే ఇంధనాల నుంచి వచ్చే మసి తగ్గితే మేలు అదే ఊరికి, అదే ఏడాది.

రాత్రి ఎండ ఉండదు, గాలి ఆగిపోతుంది. అప్పుడు?

బ్యాటరీలు, జలవిద్యుత్, దూర ప్రాంతాలను కలిపే లైన్లు, అవసరమైతే స్టాండ్‌బైగా గ్యాస్. ఇంజనీరింగ్ పరంగా జవాబులున్నాయి. నెమ్మదిగా కదిలేవి తీగలు, అనుమతులు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో వేసిన లెక్క చూస్తే, 3,000 గిగావాట్ల పునరుత్పాదక ప్రాజెక్టులు గ్రిడ్ కనెక్షన్ కోసం క్యూలో నిలబడి ఉన్నాయి. ప్యానెళ్ళు బిగించడానికి ఏడాది చాలు, లైను వేయడానికి పదేళ్ళు పడుతోంది.

బ్యాటరీల కోసం గనులు తవ్వడం మాత్రం పర్యావరణానికి మంచిదా?

కాదు. కోబాల్ట్‌లో ఎక్కువ భాగం కాంగో నుంచి వస్తుంది, అక్కడి గనుల్లో పరిస్థితులు సిగ్గుపడాల్సినవి. కానీ పరిమాణం పోల్చి చూడాలి. ప్రపంచం ఏటా 800 కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వి కాల్చేస్తోంది, మర్నాడు మళ్ళీ తవ్వాలి. బ్యాటరీలోని లోహం పదిహేనేళ్ళ తర్వాత కూడా లోహమే, కరిగించి మళ్ళీ వాడొచ్చు.

ఎంతకాలమైనా ఇలా ఎదుగుతూనే ఉండగలమా?

2018 ఆర్థిక శాస్త్ర నోబెల్‌ను ఇద్దరు పంచుకున్నారు. ఒకరు వాతావరణ నష్టాన్ని ఆర్థిక లెక్కలోకి తెచ్చిన విలియం నార్డ్‌హౌస్. ఇంకొకరు ఎదుగుదలకు మూలం కొత్త ఆలోచనలేనని చూపించిన పాల్ రోమర్. ఆ జోడీలోనే ఈ ప్రశ్నకు సగం జవాబుంది. టన్నులు పెరగకుండా విలువ పెరగవచ్చు. అదే స్టీలుతో మెరుగైన మోటారు, అదే ఎకరంలో మెరుగైన పంట. మిగతా సగం వేగం. ఇప్పటిదాకా ధనిక దేశాల్లో తగ్గుదల నిజమే అయినా, భూమి వేడెక్కడాన్ని అదుపులో ఉంచాలన్న పారిస్ ఒప్పందంలోని లక్ష్యాలు అందుకునేంత వేగంగా లేదు. ధనిక దేశాలు కొన్నిటిలో వినియోగం తగ్గించుకోవాలనే వాళ్ళతో నాకు పేచీ లేదు. ఇంకా ఫ్యాను కూడా లేని ఇంటికి ఆ మాట చెబితే పేచీ.

కొత్త విధానం ప్రకటించినప్పుడు అది పనికొచ్చేదో కాదో మామూలు పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

2050, 2070 లాంటి లక్ష్యాల్ని కాసేపు వదిలేయండి. వచ్చే మూడేళ్ళలో ఏం చేస్తారో చూడండి. బడ్జెట్‌లో దానికి కేటాయింపు ఉందా? పన్ను అయితే వసూలైన డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో అదే ప్రకటనలో రాశారా, "తర్వాత తెలియజేస్తాం" అన్నారా? మూతపడే చోట కార్మికులతో ఒప్పందం మూతకు ముందా, తర్వాతా?

ప్రభుత్వం మారితే ఇది నిలుస్తుందా అన్నది కూడా చూడండి. అమెరికా 2022లో భారీ పన్ను రాయితీలతో చట్టం చేసింది, ఫ్యాక్టరీలకు శంకుస్థాపనలు జరిగాయి. 2025లో కొత్త చట్టంతో వాటిలో చాలావాటికి కోత పడింది. ఇరవై ఏళ్ళ అప్పు ఇచ్చే బ్యాంకు ఇలాంటివి మర్చిపోదు. తర్వాతి ప్రాజెక్టుకు వడ్డీ రేటు రాసేటప్పుడు ఆ భయాన్ని కూడా కలిపి రాస్తుంది.